పాత పత్రికల చివరి పేజీలు: వైద్యులు, వ్యాపారులు, బీమా కంపెనీలు

నమస్కారమండి.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీలో పాత కృష్ణాపత్రిక గానీ, ఆంధ్రపత్రిక గానీ, భారతి గానీ స్వయంగా తిరగేసినవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. ఇప్పుడు రెండో ప్రశ్న. వాటిలో ప్రకటనలు పనిగట్టుకుని చదివినవాళ్లు ఎంతమంది? చూశారా, చేతులన్నీ దిగిపోయాయి. నేను ఇవాళ మాట్లాడబోయేది ఆ దిగిపోయిన చేతుల గురించే. కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకీయాల గురించి మన బందరులో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆ జోలికి పోను. సంపాదకీయం అయిపోయాక, పేజీ తిప్పితే కనిపించే మందు డబ్బా గురించి చెబుతాను. దాని పక్కన ఉండే బీమా కంపెనీ గురించి చెబుతాను.

అసలు ఆ పేజీలు మిగిలాయా అన్నది ముందు చూడాలి. లైబ్రరీలో పనిచేసినవాళ్లు ఇక్కడ ఉంటే నా మాట ఒప్పుకుంటారు. సంవత్సరం సంచికలన్నీ కలిపి బైండు చేయించేటప్పుడు అట్టలు తీసేస్తారు. అట్టతో పాటు ముందూ వెనకా ఉన్న ప్రకటనల కాగితాలూ తీసేస్తారు. ఎందుకు? బైండు లావైపోతుందని. వ్యాసాలు, కథలు, పద్యాలు ఉంటే చాలు, తలనొప్పి మందు ప్రకటన ఎవడికి కావాలి అని. ఎవరినీ తప్పుపట్టడం లేదు, అప్పటి ఆలోచన అది. కానీ దానివల్ల ఏమయింది? ఒక ఊరు దేనికి భయపడింది, దేనికి డబ్బు ఖర్చుపెట్టింది, ఎవరి పేరు చూసి నమ్మింది అని మనకి చెప్పే కాగితాలు చెత్తబుట్టలోకి పోయాయి. సంపాదకీయం ఆ రోజుల్లో మనిషి ఎలా ఉండాలో చెబుతుంది. ప్రకటన ఆ మనిషికి రాత్రిపూట ఏ జబ్బు నిద్రపట్టనివ్వలేదో చెబుతుంది. నాకు రెండూ కావాలి.

సరే, విషయంలోకి వస్తాను. ప్రకటన ఎందుకు పుట్టింది? ఊళ్లో వ్యాపారం చేసుకునేవాడికి ప్రకటన అవసరం ఏముంది చెప్పండి? గొడుగుపేటలో ఉన్నాయనకి ఏ కొట్లో మంచి నూనె దొరుకుతుందో, ఏ కొట్లో తూకం సరిగ్గా ఉంటుందో తెలుసు. కొట్టాయనకీ ఈయన తెలుసు, ఈయన నాన్నా తెలుసు, ఖాతా పుస్తకంలో పాతబాకీ ఎంతో కూడా తెలుసు. నాటకం ఆడితే బండి కట్టి బ్యాండు వాయించుకుంటూ ఊరంతా తిరిగి కరపత్రాలు పంచేవాళ్లు. వేలంపాట ఉంటే దండోరా వేసేవాళ్లు. అంతటితో సరిపోయేది. ముఖం తెలిసినచోట ప్రకటనతో పని లేదు. ముఖం తెలియనివాడికి అమ్మాల్సి వచ్చినప్పుడే ప్రకటనతో పని.

మరి ముఖం తెలియనివాడికి సరుకు అమ్మడం ఎలా కుదిరింది? పోస్టాఫీసు వల్ల. ఇది మనం సరిగ్గా పట్టించుకోని సంగతి. 1877లో మన దేశంలో వి.పి.పి. వచ్చింది. 1879లో కాలణా కార్డు వచ్చింది. 1880లో మనియార్డరు వచ్చింది. మూడూ మూడేళ్ల తేడాలో వచ్చాయి. ఇక్కడున్న పిల్లలకి వి.పి.పి. అంటే తెలియకపోవచ్చు, అందుకని చెబుతాను. మీరు ఒక కార్డు రాసి పడేస్తారు, ఫలానా మందు పంపండి అని. డబ్బు పంపనక్కర్లేదు. పోస్ట్‌మ్యాన్ పార్శిల్ పట్టుకొస్తాడు. మీరు అప్పుడు డబ్బిస్తే పార్శిల్ మీ చేతికిస్తాడు, ఆ డబ్బు పోస్టాఫీసే అమ్మినవాడికి పంపిస్తుంది. ఇప్పుడు మీరు ఫోనులో ఆర్డరు పెట్టి వస్తువు వచ్చాక డబ్బిస్తున్నారే, అదే పద్ధతి. దివిసీమలో నాగాయలంకలో ఉన్న రైతు మద్రాసు మందు తెప్పించుకోగలిగాడంటే ఇదే కారణం. అంతకు ముందు ఆయనకి మద్రాసు వెళ్లే దారే కష్టం. బెజవాడ నుంచి బందరుకి రైలు వచ్చిందే 1908లో.

పాత ప్రకటనల్లో మళ్లీ మళ్లీ కనిపించే మాటలు గుర్తుచేసుకోండి. వి.పి. ఖర్చులు ప్రత్యేకం. క్యాటలాగు ఉచితం. ఏజంట్లు కావలెను. ఉత్తరప్రత్యుత్తరాలు రహస్యంగా ఉంచబడును. ఒక్కో మాట వెనక ఒక్కో భయం ఉంది. డబ్బు ముందు పంపితే మోసపోతానేమో అన్న భయానికి వి.పి. జవాబు. నా జబ్బు ఊళ్లో తెలిసిపోతుందేమో అన్న భయానికి రహస్యం అన్న మాట జవాబు. మనిషి తెలియదు కదా అన్న భయానికి జవాబుగా ఫోటో వేసేవాళ్లు. తలపాగా, కోటు, మెళ్లో పతకాలు, కింద బిరుదులు. ఇంకా కిందికి వస్తే జమీందార్ల, దివాన్ల, జడ్జీల, తాసిల్దార్ల యోగ్యతాపత్రాలు. ఆ మందు వాడి గుణం కనిపించిందని పెద్దమనిషి చెప్పిన మాట. ఆ యోగ్యతాపత్రాల్లో అన్నిటికన్నా చివర, అక్షరం సన్నగా, ఒక పల్లెటూరి టీచరుగారిదో, కరణంగారిదో ఉత్తరం వేసేవాళ్లు. నాకు ఆ చివరి ఉత్తరం చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే జమీందారుగారి మాట గౌరవం కోసం. టీచరుగారి మాట, నీలాంటివాడే వాడాడయ్యా అని చెప్పడం కోసం. ఆ రెండూ కావాలని ప్రకటన రాసినవాడికి తెలుసు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. ముగ్గురి పేర్లు చెబుతాను. ముగ్గురూ తెలుగువాళ్లు, ముగ్గురూ మందుల వల్ల పేరు తెచ్చుకున్నవాళ్లు.

మొదటాయన మన బందరు ఆయనే. పండిత దీవి గోపాలాచార్యులుగారు. 1872లో ఇక్కడే పుట్టారు, 1920లో పోయారు. మద్రాసులో ఆయుర్వేదాశ్రమం పెట్టారు. ఆయన కాలంలో జనాన్ని వణికించింది ప్లేగు. 1896లో బొంబాయిలో మొదలై దేశమంతా పాకింది. అప్పుడు ఆయన హైమాది పానకం, శతధౌత ఘృతం అనే రెండు మందులతో పేరు తెచ్చుకున్నారు. జీవామృతం అనే టానిక్ అయితే ఇళ్లలో నిలవ ఉండేది. పేర్లు గమనించండి. పానకం, ఘృతం, అమృతం. మన ఇంట్లో, మన గుళ్లో వినిపించే మాటలే. కానీ అమ్మిన పద్ధతి? సీసా, లేబులు, ధర, పోస్టు. మందు ఆయుర్వేదానిదే, కొట్టు మాత్రం కొత్త కాలానిది. ఆయన్ని కేవలం వ్యాపారిగా చూస్తే పొరపాటు. ఆయుర్వేదం పనికిమాలినదని ప్రభుత్వ డాక్టర్లు అంటున్న రోజుల్లో దాని పక్షాన నిలబడ్డ పండితుడాయన. 1921లో మద్రాసు ప్రభుత్వం దేశీయ వైద్యం మీద ఉస్మాన్ కమిటీ వేసింది, 1925లో దేశీయ వైద్య పాఠశాల పెట్టింది. అప్పటికి ఆయన లేరు. కానీ ఆ దారి ఆయనలాంటివాళ్లు వేసిందే.

రెండో ఆయన కె.ఎన్. కేసరిగారు. ఒంగోలు వైపు నుంచి చిన్నతనంలో చేతిలో డబ్బుల్లేకుండా మద్రాసు చేరిన మనిషి. కేసరి కుటీరం పెట్టి 'లోధ్ర' అనే మందు అమ్మారు. ఆడవాళ్ల జబ్బులకి మందు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ రోజుల్లో ఒక ఆడమనిషికి నెలసరి బాధ ఉంటే ఎవరికి చెప్పుకుంటుంది? ఆస్పత్రిలో మగ డాక్టరు. ఊళ్లో మగ వైద్యుడు. ఇంట్లో అత్తగారు. మంత్రసానికి తెలిసింది మంత్రసాని చెబుతుంది, అంతే. అలాంటి ఇంటికి ఒక పత్రిక వచ్చింది. అందులో నీ బాధ ఇదీ అని పేరు పెట్టి రాసి ఉంది. కార్డు రాస్తే మందు ఇంటికే వస్తుంది. ఆ ప్రకటన చదివినప్పుడు ఆమెకి ఏమనిపించి ఉంటుంది? నా ఒక్కదానికే కాదన్నమాట ఈ బాధ, అనిపించి ఉండదూ? మందు పనిచేసిందా లేదా అన్నది వైద్యులు తేల్చాల్సిన మాట. కానీ చెప్పుకోలేని బాధని అచ్చులో పెట్టడం చిన్న సంగతి కాదు. కేసరిగారు అక్కడితో ఆగలేదు. 1928లో 'గృహలక్ష్మి' మాసపత్రిక మొదలుపెట్టారు. ఆడవాళ్లు రాసినవి వేశారు. రచయిత్రులకి స్వర్ణకంకణం తొడిగి సత్కరించారు. మద్రాసులో తెలుగు పిల్లల కోసం కేసరి హైస్కూలు వచ్చింది. ఈ మొత్తానికి ఖర్చు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకుంటున్నారు? ఆ సీసా నుంచి.

మూడో ఆయన గురించి నేను చెప్పాల్సిన పనిలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. మన కృష్ణా జిల్లా ఎలకుర్రు ఆయనది. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీలకి వెళ్లి ఉచితంగా పంచారు. తలనొప్పి వచ్చాక మందు వెతుక్కునేవాడికి ముందే డబ్బా చేతిలో పెట్టారు. అదీ ప్రకటనే. కాగితం మీద లేని ప్రకటన. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రిక తెచ్చారు. 1914లో మద్రాసు వచ్చి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో భారతి. తర్వాత పుస్తకాలు అచ్చేసే ఆంధ్ర గ్రంథమాల.

ఒక్కసారి ఆలోచించండి. మామూలుగా పత్రికవాడు ప్రకటన కోసం మందుల కంపెనీ దగ్గరికి వెళతాడు. ఇక్కడ మందుల కంపెనీయే పత్రికని కన్నది. అది ఎంత అండో తెలియాలంటే 1910 ప్రెస్ చట్టం సంగతి తెలియాలి. కొత్తగా ప్రెస్సు పెట్టేవాడు ప్రభుత్వం అడిగితే 500 నుంచి 2000 రూపాయల దాకా డిపాజిట్ కట్టాలి. ఏదైనా రాత వాళ్లకి నచ్చకపోతే అది పోయినట్టే. చందాలు వసూలు కావు, అవి ఎప్పుడూ బాకీలే. మరి దేనిమీద నిలబడాలి? మన సాహిత్య చరిత్రలో భారతి పత్రిక గురించి పేజీలకి పేజీలు రాశారు. తలనొప్పి డబ్బా గురించి ఒక వాక్యం రాసి వదిలేశారు. నాకు అది న్యాయంగా అనిపించదు. ఆ డబ్బా కొన్న ప్రతి మనిషీ తెలియకుండానే తెలుగు సాహిత్యానికి చందా కట్టాడు.

గాంధీగారి మార్గం వేరు. యంగ్ ఇండియా పత్రికలో ఆయన ప్రకటనలు వేయలేదు. ప్రకటన ఉంటే పత్రిక ఎవరికో ఒకరికి లొంగుతుందని ఆయన అభిప్రాయం. అది పెద్ద మాట, కాదనను. కానీ మన జిల్లా పత్రికలకి ఆ మార్గం కుదరలేదు, కుదిరేది కాదు.

ఇక డాక్టర్లు. ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టర్లు. వాళ్ల ప్రకటనలు ఆయుర్వేద వైద్యుల ప్రకటనలంత కనిపించవు. ఎందుకని? వాళ్ల వృత్తి మర్యాద ఒప్పుకోదు. 1914లో మద్రాసు రాష్ట్రంలో డాక్టర్ల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. రిజిస్టరైన డాక్టరు తలుపు మీద పేరు, డిగ్రీ ఉన్న బోర్డు పెట్టుకోవచ్చు. నా దగ్గరికి రండి, నేను నయం చేస్తాను అని పత్రికలో వేసుకోవడం తప్పు. అందుకని ఆ జాగాలో ఎవరు కనిపిస్తారు? మందుల షాపులు, కళ్లద్దాలవాళ్లు, పళ్లు కట్టేవాళ్లు. డాక్టరుకి ప్రకటన లేకపోయినా ఇంకో దారి ఉండేది. అదే బీమా. పాలసీ తీసుకునేవాణ్ణి పరీక్ష చేయాలి. బరువు, ఛాతీ కొలత, నాడి, మూత్ర పరీక్ష. ఆ పరీక్ష చేసే డాక్టరుని కంపెనీ నియమిస్తుంది, ఫీజు కంపెనీయే ఇస్తుంది. ఊళ్లో ఫలానా డాక్టరుగారు ఫలానా కంపెనీకి డాక్టరు అనేది ఆయనకి అచ్చు ఖర్చు లేని గౌరవం.

అలా మనం బీమా దగ్గరికి వచ్చాం. నేను ఎక్కువసేపు ఉండదలచుకున్నది ఇక్కడే.

మందు అమ్మడం తేలిక. తలనొప్పి ఇప్పుడు ఉంది, మందు ఇప్పుడు రాస్తారు, తగ్గిందో లేదో ఇప్పుడే తెలుస్తుంది. బీమా అమ్మడం ఎలా? నువ్వు పోయాక మీవాళ్లకి డబ్బొస్తుందయ్యా అని ఒక గృహస్థు ముందు కూర్చుని చెప్పాలి. మన ఇళ్లలో ఆ మాట నోటివెంట రానిస్తారా? శుభం పలకరా అంటారు. పైగా ఉమ్మడి కుటుంబం. పెద్దాయన పోతే తమ్ముడు చూస్తాడు, పొలం ఎక్కడికీ పోదు. పొలం ఉన్నవాడికి బీమా ఎందుకు? మరి ఎవరికి కావాలి? జీతం మీద బతికేవాడికి. గుమాస్తాకి, టీచరుకి, ప్లీడరుకి. మనిషితో పాటే సంపాదన ఆగిపోయేవాడికి. బందరులో అలాంటివాళ్లు ఎక్కువ. కలెక్టరాఫీసు, కోర్టులు, నోబుల్ కాలేజీ. 1864 తుఫాను, ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, రేవు దెబ్బతిన్నాక, ఈ ఊరు ఓడల ఊరు కాకుండా ఆఫీసుల ఊరు, చదువుల ఊరు అయింది. బీమా కంపెనీలకి కావలసిన జనం సరిగ్గా వీళ్లే.

మొదట్లో ఇంగ్లీషు కంపెనీలు భారతీయుడి ప్రాణానికి పాలసీ ఇచ్చేవి కావు. ఇచ్చినా ఎక్కువ ప్రీమియం అడిగేవి. 1870లో బొంబాయి మ్యూచువల్ వచ్చి భారతీయులకి మామూలు రేట్లకే ఇచ్చింది. 1874లో ఓరియంటల్ వచ్చింది. ఓరియంటల్ పూర్తి పేరు విన్నారా? ఓరియంటల్ గవర్నమెంట్ సెక్యూరిటీ లైఫ్ అస్యూరెన్స్ కంపెనీ. అది ప్రభుత్వ కంపెనీ కాదు. జనం డబ్బు ప్రభుత్వ బాండ్లలో పెడతాం అని చెప్పడానికి ఆ పేరు పెట్టుకున్నారు. పేరే ప్రకటన. 1906లో మద్రాసులో యునైటెడ్ ఇండియా, కలకత్తాలో నేషనల్ వచ్చాయి. స్వదేశీ ఉద్యమం రోజులు. 1907లో బిపిన్ చంద్రపాల్ గారు రాజమండ్రి, బెజవాడ, మన బందరు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. మన డబ్బు మన దేశంలోనే ఉండాలన్న మాట గుడ్డలతో మొదలై ప్రాణాల దాకా వెళ్లింది.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. లాయర్లు ఇక్కడుంటే వాళ్లకి తెలిసే ఉంటుంది, మిగతావాళ్లు జాగ్రత్తగా వినండి. ఉమ్మడి కుటుంబంలో ఒకాయన పాలసీ తీసుకుని చనిపోయాడనుకోండి. ఆ డబ్బు ఎవరిది? భార్యదా? అన్నదమ్ములు ఊరుకుంటారా? అప్పులవాళ్లు ఊరుకుంటారా? ఇదీ అప్పటి టెన్షన్. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. భార్య కోసం, పిల్లల కోసం అని పాలసీలో రాస్తే ఆ డబ్బు వాళ్లకే చెందుతుంది, అప్పులవాళ్లు ముట్టుకోకూడదు. ఆ సెక్షన్ హిందువులకి వర్తిస్తుందా లేదా అని తగాదా వచ్చింది. వర్తిస్తుందని మద్రాసు హైకోర్టు తేల్చింది. తర్వాత 1923లో చట్టాన్ని సవరిస్తూ ఏమని రాశారంటే, మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకి, మిగతా దేశంలో 1923 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న పాలసీలకి ఇది వర్తిస్తుందని. అంటే ఏమిటి? మనమున్న మద్రాసు రాష్ట్రంలో భార్యకి ఆ రక్షణ మిగతా దేశం కన్నా దాదాపు పదేళ్లు ముందు దొరికింది. పుట్టింటి, అత్తింటి ఆస్తుల్లో ఆడదానికి వాటా లేని కాలమది. విధవకి మనోవర్తి కోసం కోర్టుల చుట్టూ తిరిగే కాలం. ఆ కాలంలో ఒక కాగితం ఆమె పేరు మీద ఉంది, దాన్ని మరిదీ తీసుకోలేడు, షావుకారూ తీసుకోలేడు. బీమా ప్రకటనల్లో ఒక తల్లి, ఇద్దరు పిల్లల బొమ్మ వేస్తారే, ఆ బొమ్మ వెనక ఇంత న్యాయశాస్త్రం ఉంది.

ఇప్పుడు మన డాక్టరుగారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. మద్రాసులో వైద్యం చదివి 1906లో బందరులో ప్రాక్టీసు పెట్టారు. 1916లో ప్రాక్టీసు మానేసి పూర్తిగా దేశసేవలోకి వచ్చారు. పదేళ్లు. పదేళ్లు ఈ ఊళ్లో నాడి పట్టుకున్న చెయ్యి అది. తర్వాత 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. అన్నీ బందరు నుంచే. కలకత్తా, బొంబాయి కంపెనీలు పెద్ద పెద్ద అంకెలు వేసుకుంటాయి ప్రకటనల్లో. ఇన్ని లక్షల కొత్త వ్యాపారం, వెయ్యికి ఇంత బోనసు అని. మరి నిన్నగాక మొన్న పుట్టిన బందరు కంపెనీ ఏ అంకె వేసుకుంటుంది? దానికి ఉన్నది ఒక్కటే. మనుషుల పేర్లు. ఆ పేర్లున్న మనుషులు సాయంత్రం కోనేరు సెంటర్లో ఎదురుపడతారు. అడగొచ్చు. నిలదీయొచ్చు. మా అబ్బాయికి జ్వరం వచ్చినప్పుడు మందిచ్చిన డాక్టరు పెట్టిన కంపెనీ ఇది అనుకునేవాడికి వేరే ప్రకటన కావాలా?

అంటే చూడండి, ముఖం తెలియనివాడికి అమ్మడానికి ప్రకటన పుట్టింది అన్నాను కదా. బందరు బీమా కంపెనీ చేసిన పని వేరు. ముఖం తెలిసినవాడి నమ్మకాన్ని మూటగట్టి, ముఖం తెలియని ఊళ్లకి తీసుకెళ్లింది. ఎలా తీసుకెళ్లింది? ఏజంట్లతో. ప్రతి ఊళ్లో ఒక టీచరో, ఒక ప్లీడరు గుమాస్తానో ఏజంటు. ఆయన ఆ ఊరికి తెలిసిన ముఖం. ఏజంట్లలో పోటీ ఎంతుండేదంటే తమ కమిషన్లోంచి కొంత పాలసీదారుకి తిరిగి ఇచ్చేసేవాళ్లు. అది కట్టడి చేయడానికే 1938 బీమా చట్టంలో రిబేటు ఇవ్వకూడదని రాశారు, ఏజంట్లకి లైసెన్సు పెట్టారు.

అంతా మంచే అని చెప్పి వెళ్లిపోతే నేను మీకు అన్యాయం చేసినట్టు. ఆ చివరి పేజీల్లో మోసం కూడా ఉంది, చాలా ఉంది. ప్రావిడెంట్ సొసైటీలని ఉండేవి. నెలకి అణాలు, పావలాలు కట్టించుకుని పెళ్లికి ఇంత, పురుడికి ఇంత, చావుకి ఇంత ఇస్తామనేవి. కొత్తగా చేరేవాళ్ల డబ్బు తెచ్చి పాతవాళ్లకి పంచడమే లెక్క. చేరేవాళ్లు తగ్గగానే కుప్పకూలేవి. 1912లో జీవిత బీమా కంపెనీలకి ఒక చట్టం, ఈ సొసైటీలకి ఇంకో చట్టం తెచ్చింది ఇందుకే. పావలా పావలా కూడబెట్టి కూతురి పెళ్లి కోసం కట్టిన మనిషిని తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మందుల్లోనూ అంతే. యౌవనం తిరిగి తెప్పించే మాత్రలు, కరెంటు ఉంగరాలు, అన్ని రోగాలకీ ఒకటే గుళిక. కుర్రవాళ్లని భయపెట్టి అమ్మిన మందులు. నీకు లేని జబ్బు ఉందని చెప్పి దానికి మందు అమ్మడం కన్నా పాపం ఏముంది? దేశమంతా ఇదే తంతు. దాన్ని కట్టడి చేసే చట్టం రావడానికి స్వాతంత్ర్యం రావాల్సి వచ్చింది. 1954లో వచ్చింది ఆ చట్టం. అదే పేజీలో గోపాలాచార్యులుగారి లాంటి పండితుడి మందూ ఉండేది, దాని పక్కనే దొంగ మందూ ఉండేది. రెండింటికీ తలపాగా ఫోటో ఉండేది, రెండింటికీ యోగ్యతాపత్రాలు ఉండేవి. పాపం, నాగాయలంక రైతు ఎలా తేల్చుకోవాలి?

పత్రికలు ఆ దొంగ మందుల ప్రకటనలు ఎందుకు వేశాయి అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. డబ్బు కోసం వేశాయి. దేశభక్తి ఉన్న పత్రికలు కూడా వేశాయి. నేను దాన్ని సమర్థించను.

చిన్న వ్యాపారుల గురించి రెండు మాటలు. పుస్తకాల కొట్లవాళ్లు, ప్రెస్సులవాళ్లు ఎక్కువ కనిపిస్తారు. వావిళ్లవారి పుస్తకం ఏది తీసినా చివర క్యాటలాగు ఉంటుంది. తర్వాత గడియారాలు, హార్మోనియంలు, నాటకాల డ్రస్సులు. వీళ్లలో చాలామంది ఒక చిన్న ప్రకటన వేసుకుని, కొన్నాళ్లు కనిపించి మాయమైపోతారు. వాళ్ల గురించి ఇంకెక్కడా ఒక్క ముక్క ఉండదు. ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండదు. ఆ చిన్న ప్రకటనే వాళ్లకి మిగిలిన ఆనవాలు. అది కూడా బైండింగులో పోయిందంటే, ఆ మనిషి ఈ ఊళ్లో కొట్టు పెట్టుకుని బతికాడన్న సాక్ష్యమే పోయినట్టు.

బీమా కంపెనీల సంగతి మీకు తెలుసు. 1956 జనవరి 19న ప్రభుత్వం జీవిత బీమాని చేతిలోకి తీసుకుంది, సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. వచ్చింది. 154 భారతీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు కలిసిపోయాయి. చేసింది మంచిపనే, మునిగిపోయే కంపెనీల భయం పోయింది. కానీ ఊరి పేరుతో, ఊరి మనుషుల పేర్లతో ఉన్న పాలసీ కాగితం మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆంధ్రా బ్యాంకు పేరు కూడా లేదు, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ప్రెస్ అకాడమీవాళ్లు పాత పత్రికలు చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు, చూడండి. కానీ స్కాన్ చేసింది బైండు పుస్తకాలనే. బైండులో పోయినవి అందులో ఉండవు. అవి మీ ఇళ్లలో ఉండొచ్చు. తాతగారి ట్రంకు పెట్టెలో, అటక మీద, పాత పంచాంగాల మధ్య. ప్రీమియం రసీదులు, మందు సీసా లేబుళ్లు, నాటకాల కరపత్రాలు, కంపెనీ క్యాలెండర్లు. వాటిని లామినేషన్ చేయించకండి, కాగితం పాడైపోతుంది. గమ్ టేపు అంటించకండి. ఫోన్‌తో ఫోటో తీయండి. ఎవరి ఇంట్లో, ఏ పుస్తకంలో దొరికిందో ఒక చీటీ మీద రాసిపెట్టండి. ఫోటో తీసేటప్పుడు వెనక వైపు కూడా తీయండి. ముందువైపు పద్యం ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో అచ్చేసే ఉంటారు. వెనకవైపు ఉన్నది ఇంకెక్కడా దొరకదు.